కాలువ కింద బంజరు సాగు చేసి, మునసబుగా పనిచేసిన ముత్తాతగారి జీవితాన్ని రికార్డుల్లో వెతకడం ఎలా?

ప్రశ్న (కావలి నుంచి)

మా ముత్తాతగారు ధాత కరువులో మెట్ట సీమను వదిలి వచ్చారని, సంగం ఆనకట్ట కాలువలకు నీళ్ళు వచ్చాక బుచ్చిరెడ్డిపాళెం దగ్గరి ఒక గ్రామంలో బంజరుకు దరఖాస్తు పెట్టుకొని స్థిరపడ్డారని, కొన్నేళ్ళకు ఆ ఊరికే మునసబుగా (శిస్తు వసూలు చేసే గ్రామాధికారిగా) పనిచేశారని మా జేజమ్మ చెప్పేది. మా దగ్గర మిగిలినవి రెండే కాగితాలు. ఒకటి ‘కనిగిరి కాలవ కింద’ అని రాసి ఉన్న పట్టా. దాన్ని బట్టే ఆయన సొంతూరు కనిగిరి వైపని మేము అనుకుంటూ వచ్చాము. రెండోది ఫసలీ (శిస్తు లెక్కల సంవత్సరం) 1307 నాటి శిస్తు రసీదు. అది గొలుసుకట్టు రాతలో ఉంది, అడుగున ఆయన సంతకం ఉంది.

మునసబు పని వంశపారంపర్యం కదా, వలస వచ్చిన రైతుకు అది ఎలా దక్కింది? ఆయన గురించి పిల్లల కోసం ఒక చిన్న పుస్తకం రాయాలని ఉంది. ఉన్నవి లేనివి కల్పించి రాయడం నాకు ఇష్టం లేదు.

జవాబు 1 (బుచ్చిరెడ్డిపాళెం)

అయ్యా, ముందుగా కనిగిరి సంగతి. మీ పట్టాలో ఉన్నది కనిగిరి పట్టణం కాదు. సంగం దగ్గర పెన్న నీటిని మళ్ళించే కాలువ, మా బుచ్చిరెడ్డిపాళెం పక్కనున్న కనిగిరి రిజర్వాయరుకు వస్తుంది. దాని పేరే కనిగిరి కాలువ. కాబట్టి ఆ మాట భూమికి నీళ్ళు ఎక్కడివో చెబుతుందే తప్ప మనిషి ఎక్కడివాడో చెప్పదు. ఆయన కనిగిరి, పొదిలి, దర్శి వైపు నుంచి రాలేదని నేను అనడం లేదు. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా ఆ ప్రాంతాలన్నీ నెల్లూరు జిల్లాలోనివే కనుక మెట్ట నుంచి పెన్న ఒడ్డుకు రావడం ఒకే జిల్లాలో జరిగిన వలస అయివుండవచ్చు. అయితే దానికి వేరే ఆధారం కావాలి.

ధాత సంవత్సరం 1876లో మొదలైంది, ఆ కరువు 1878 దాకా సాగింది. సంగం ఆనకట్ట కట్టింది 1880ల దశకంలో. అంటే కరువుకూ కాలువకూ మధ్య కొన్నేళ్ళ ఎడం ఉంది. ఆ ఏళ్ళలో ఆయన ఎవరి పొలంలో కూలి చేశారో, ఎక్కడ తలదాచుకున్నారో మీ ఇంట్లో ఎవరైనా చెప్పుకున్నారా? పుస్తకానికి అసలు విషయం అక్కడ ఉందని నాకు అనిపిస్తోంది.

జవాబు 2 (నెల్లూరు, రెవెన్యూ శాఖలో పనిచేసి విరమించినవాడిని)

ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఫసలీ జూలైలో మొదలవుతుంది కనుక మీ రసీదు 1897 జూలైకి, 1898 జూన్‌కు మధ్యది. అప్పటికి 1895 నాటి వంశపారంపర్య గ్రామోద్యోగాల చట్టం అమలులో ఉంది. దాని ప్రకారం పదవి వారసుడికే చెందినా, వారసుడు మైనరైతే అతని పేరు నమోదు చేసి, అతనికి వయసు వచ్చేదాకా పని నడపడానికి అర్హుడైన మరొకరిని నియమించేవారు. కొత్తగా వచ్చిన రైతు మునసబు పని చేయడానికి ఇది చాలా సహజమైన దారి. అలా పని నడిపేవారిని డిప్యూటీ అనేవారు కనుక, సంతకానికి ముందు ఏదైనా పొడి అక్షరం ఉందేమో చూడండి. ఈ వారస హక్కును 1960 డిసెంబరులో సుప్రీంకోర్టు కొట్టివేసింది, 1984 జనవరిలో మునసబు, కరణం పదవులే రద్దయ్యాయి.

లెక్కలు రాసేది కరణం, శిస్తు వసూలు చేసి తాలూకా ఖజానాకు కట్టేది మునసబు. అనుమానాస్పద మరణాన్ని పోలీసులకు తెలపడం, చిన్న బాకీ తగాదాలు తీర్చడం, జనన మరణాలు రాయించడం, కాలువకు గండి పడితే ఊరిని కదిలించడం కూడా ఆయన పనులే. సెటిల్‌మెంట్ రిజిస్టరు (ఊరి భూములకు శిస్తు నిర్ణయించినప్పటి పుస్తకం) నకలు కోసం అడగండి. అందులో సర్వే నంబరు, జలాధారం, తరం (నేల రకం), శిస్తు, పట్టాదారు పేరు ఒకే వరుసలో ఉంటాయి. చుట్టుపక్కల నంబర్లు కూడా చూస్తే పొలం ఎలా పెరిగిందో తెలుస్తుంది. జిల్లాలో దొరకనివాటికి చెన్నై ఎగ్మూరులోని రికార్డు ఆఫీసులో మద్రాసు రెవెన్యూ బోర్డు కాగితాలు ఉన్నాయి.

జవాబు 3 (ఒంగోలు)

ఒక మాట చెప్పాలి, నొచ్చుకోకండి. బంజరు అని ప్రభుత్వం రాసుకున్న నేల ఖాళీ నేల కాదు. గొర్రెలు, పశువులు మేసింది అక్కడే, మన జిల్లాలో యానాదులు గుడిసెలు వేసుకున్నదీ చాలా చోట్ల అక్కడే. మునసబు దగ్గర ఇంకొక అధికారం కూడా ఉండేది: 1911 తరువాత నేరస్థ తెగల చట్టం కింద నమోదైన ఎరుకలవారు, కొందరు యానాదులు గ్రామాధికారి దగ్గర హాజరు వేయించుకోవలసి వచ్చేది. మీ ముత్తాతగారు అప్పటికి పదవిలో ఉన్నారో లేదో తేల్చుకోండి, ఉంటే ఆ అధ్యాయాన్ని వదిలిపెట్టకండి. నేల విరిచిన కష్టం నిజమే, ఆ నేల మీద అంతకుముందు ఉన్నవాళ్ళూ నిజమే.

ప్రశ్న అడిగినవారు

అందరికీ నమస్కారాలు. రసీదును మళ్ళీ చూశాను. సంతకానికి ముందు ‘డి’ అని ఉంది. మేము ఇన్నాళ్ళూ దాన్ని ఇంటిపేరు అనుకున్నాము గానీ మా ఇంటిపేరు ఆ అక్షరంతో మొదలుకాదు. అది డిప్యూటీయే అయితే, ఎవరో మైనరు పిల్లవాడి బదులు ఆయన పనిచేశారన్నమాట. ఆ పిల్లవాడి కుటుంబం ఇప్పటికీ ఆ ఊళ్ళోనే ఉందేమో కనుక్కోవడానికి వచ్చే ఆదివారం వెళ్తున్నాను. పొలం మా చేతికి రాకముందు అక్కడ ఎవరుండేవారో కూడా అడుగుతాను.