గోళ్లు తీసేటప్పుడు కుక్కని అదిమి పట్టుకోవడం తప్పా?

నల్లతోక:
మా కుక్కకి మూడేళ్లు. గోళ్లు తీసే రోజు ఇంట్లో యుద్ధమే. ఒకరం అదిమి పట్టుకుంటాం, ఒకరం కత్తిరిస్తాం. ఈమధ్య కటర్ కనిపిస్తే చాలు, మంచం కిందకి దూరుతోంది. నిన్న గుర్రుమంది కూడా, తిట్టాను. ఇలాగే కానిచ్చెయ్యాలా, మెల్లగా అలవాటు చెయ్యాలా?

ఉక్కుపిడి:
కానిచ్చెయ్యండి. మధ్యలో వదిలారంటే, పెనుగులాడితే వదిలేస్తారని నేర్చుకుంటుంది. మూడు కుక్కల్ని ఇలాగే పెంచాను. రెండు నిమిషాల్లో అవే సద్దుకుంటాయి. ఇంట్లో పెద్ద ఎవరో కుక్కకి తెలియాలి.

మెత్తనిపాదం:
ఉక్కుపిడి గారూ, వదిలేస్తే పెనుగులాటే నేర్చుకుంటుందన్నది నిజం. అందుకే పెనుగులాట దాకా రానివ్వకూడదు అంటాను. ఇక సద్దుకోవడం అంటారా, ఒళ్లు బిగుసుకుని, నోరు గట్టిగా మూసుకుని, కంటి తెలుపు కనిపించేలా పక్కకి చూస్తుంటే అది ఒప్పుకోవడం కాదు. తప్పించుకోలేనని తెలిసి ఆగిపోవడం.

ఈ 'పెద్ద' సంగతి బోనుల్లో కలిపి ఉంచిన తోడేళ్లని చూసి పుట్టింది. అడవిలో తోడేళ్ల గుంపంటే చాలావరకు తల్లీ తండ్రీ పిల్లలే. ఆ 'పెద్ద' మాటకి 1970లో ప్రచారం తెచ్చిన తోడేళ్ల పరిశోధకుడు డేవిడ్ మెక్ 1999లో తనే దాన్ని సరిదిద్దుకున్నాడు.

నల్లతోక గారూ, గుర్రుమన్నందుకు తిట్టకండి. అది ముందే చెబుతోంది. చెప్పడం మాన్పిస్తే చెప్పకుండానే కరుస్తుంది. ఓ వారం కత్తిరించడం ఆపి, కటర్‌ని ఊరికే నేల మీద పెట్టండి. దానివైపు చూస్తే తినడానికి ఓ ముక్క. తర్వాత పాదం తాకడం, ముక్క. వేలు నొక్కడం, ముక్క. వరస మాత్రం తప్పొద్దు, తాకడమే ముందు. ముక్క ముందు చూపించి ఆనక పట్టుకుంటే, ముక్క కనిపించినా భయపడుతుంది. (నేను నెల రోజులు చేసిన తప్పు ఇదే.) మూతి నాక్కున్నా, నిద్ర రాకుండానే ఆవలించినా, పాదం లాక్కున్నా ఇబ్బంది పడుతున్నట్టే, ఓ మెట్టు వెనక్కి. కుదిరాక రోజుకి ఒక్క గోరు, అదీ కొస మాత్రమే. నల్ల గోళ్లలో లోపలి నెత్తురు భాగం కనిపించదు, ఒక్కసారి తెగిందంటే నెలల కష్టం పోతుంది.

పిల్లిమీసం:
పిల్లులవాళ్లకి ఒక మాట. మెడ వెనక చర్మం పట్టుకుంటే కదలదని చాలామంది చేస్తారు. తల్లి అలా మోసేది పసికూనల్ని. పెద్ద పిల్లిని అలా పట్టుకోవద్దనే 2022లో అమెరికా, అంతర్జాతీయ పిల్లి వైద్యుల సంఘాలు కలిసి చెప్పాయి. మా దాన్ని తువ్వాలులో వదులుగా చుడతాను, మగతగా ఉన్నప్పుడు రెండు గోళ్లు తీస్తాను. అంతే.

ఉక్కుపిడి:
బాగానే ఉంది. గోరు చీలి నెత్తురు కారుతుంటే? అప్పుడూ నేల మీద కటర్ పెట్టి కూర్చోవాలా?

మెత్తనిపాదం:
అక్కర్లేదు. ఆ రోజు డాక్టర్ దగ్గరికే. కావాలంటే మత్తు ఇచ్చి తీస్తారు, నలుగురు అదిమి పట్టడం కన్నా అదే నయం. అలాంటి రోజు ఏటా ఒకసారి వస్తుందేమో. మీరు చెప్పే పద్ధతిలో ప్రతి నెలా వస్తోంది.

ఉక్కుపిడి:
నా కుక్కలు నన్ను చూసి మంచం కిందకి దూరలేదు లెండి. కటర్‌ని చూసి మాత్రం... సరే, అది నిజమే.

నల్లతోక:
కటర్‌ని గది మధ్యలో పెట్టి ఇరవై నిమిషాలు కూర్చున్నాను. మంచం కింద నుంచి మూతి ఒక్కటే బయటికొచ్చింది, ముక్క అందుకుని మళ్లీ లోపలికి. దీన్ని మొదటి మెట్టు అనుకోవచ్చా అండీ?