నెత్తిన పెట్టేది శఠగోపమా, శఠకోపమా?

మొన్న మన గుంపులో ఒకరు గుడి ఆహ్వానపత్రిక ఫోటో పెట్టి, "తీర్థం, శఠకోపం అని వేశారు. ఇది అచ్చుతప్పే కదా?" అని అడిగారు. చాలామంది అవునన్నారు. దేవుడి దగ్గర కోపం ఏమిటని ఒకరిద్దరు బాధపడ్డారు కూడా. అక్కడే జవాబు రాయబోతే పెరిగిపోయింది, అందుకే విడిగా పెడుతున్నాను.

అది అచ్చుతప్పు కాదండీ. ఆ పత్రిక రాసిన వారెవరో మాట మూలం తెలిసి రాశారు.

శఠకోపుడు అంటే నమ్మాళ్వార్. ఆళ్వార్లనే తమిళ వైష్ణవ భక్తకవులలో ఒకరు. తమిళనాడులో తామ్రపర్ణి ఒడ్డున కురుగూరులో పుట్టినవారు. ఇప్పుడు ఆ ఊరిని ఆళ్వార్ తిరునగరి అంటున్నారు. బిడ్డ భూమ్మీద పడగానే 'శఠం' అనే వాయువు కమ్మి పూర్వజ్ఞానాన్ని మరిపిస్తుందని వైష్ణవుల నమ్మకం. ఈ బిడ్డ ఆ వాయువు మీద కోపించి హుంకరించాడట, అది దగ్గరికి రాలేకపోయిందట. అందుకే పుట్టిన బిడ్డ ఏడవలేదని, పాలు తాగలేదని, చింతచెట్టు తొర్రలో పదహారేళ్లు మౌనంగా కూర్చున్నాడని చెబుతారు. శఠం మీద కోపం చూపినవాడు కాబట్టి శఠకోపుడు. ఆ కోపం మన మీద కాదు, మనకు మరపు తెచ్చేదాని మీద.

దీనికి గట్టి సాక్ష్యం ఇంకో మాట ఉంది. తిరుమల వార్తల్లో "తీర్థం, శఠారి" అని చదువుతుంటాం కదా. శఠ + అరి, సవర్ణదీర్ఘ సంధి. శఠానికి శత్రువు. అంటే శఠారి, శఠకోప ఒకే అర్థానికి రెండు పేర్లు. ఇక్కడ 'కోప' తీసేసి 'గోప' పెట్టి చూడండి. గుప్ ధాతువుకు కాపాడటం, దాచడం అని అర్థాలు. శఠుడంటే వంచకుడు. శఠగోప అంటే వంచకుణ్ణి కాచేది అవుతుంది! అర్థం పూర్తిగా తలకిందులైపోతుంది.

మన పాత కవులు దీన్ని జాగ్రత్తగానే రాశారు. పెద్దన మనుచరిత్ర మొదట్లో తన గురువును తలుచుకున్న కందం "శఠకోపయతిన్" అని ముగుస్తుంది. అన్నమయ్యకు వేదాంతం చెప్పిన గురువు ఆదివణ్ శఠకోప యతి అని ఆయన మనవడు చిన్నన్న రాశాడు. అహోబిల మఠం జీయర్లందరికీ, అంటే మఠాధిపతులందరికీ, ఇప్పటికీ 'శ్రీవణ్ శఠకోప' బిరుదు ఉంది. అంటే తెలుగువాళ్లకు ఇది కొత్త మాటేమీ కాదు.

మరి గ ఎక్కడిది? గసడదవాదేశం, అంటే క, చ, ట, త, ప అనే పరుషాలు గ, స, డ, ద, వ లుగా మారే వ్యాకరణ సూత్రం అని ఒకరు రాశారు. నాకు ఒప్పుదల కాలేదు. ఆ ఆదేశం ప్రథమావిభక్తి మాట తరవాతి పరుషాలకు వస్తుంది, వాడుగొట్టె అన్నట్టు. ద్వంద్వంలోనూ వస్తుంది, కూరగాయలు అన్నట్టు. ఇది సంస్కృత సమాసం, దీనికి ఆ సూత్రం పట్టదు. నా ఊహ ఏమిటంటే, ఇది తమిళ ఉచ్చారణ. తమిళంలో క, గ లకు ఒకటే అక్షరం, మాట నడుమ అచ్చుల మధ్య పడితే మెత్తగా గ లాగా పలుకుతారు. శఠకోపన్ వాళ్ల నోట శడగోపన్ అవుతుంది. రామానుజ సంప్రదాయంతో, ఆళ్వార్ల పాటల సంపుటి అయిన దివ్యప్రబంధంతో ఈ మాట మన గుళ్లకు చెవి ద్వారా వచ్చింది. విన్నది విన్నట్టు పలికారు, తరవాత పలికినట్టే రాసుకున్నారు.

ఇప్పుడు అసలు సంగతి. గుడిలో హారతి అయ్యాక, తీర్థం ఇచ్చాక అర్చకులు తల మీద ఆనించే ఆ గిన్నెలాంటి కిరీటం పైన స్వామి పాదాలు ఉంటాయి. వెండిదో రాగిదో పంచలోహాలదో, లోపల బోలుగా ఉంటుంది. ఆ పాదాలకు ఒక మనిషి పేరు ఎందుకు పెట్టారు? ఆళ్వారే స్వామి పాదుకలు అని నమ్మకం. దివ్యప్రబంధాన్ని పారాయణ చేసే అధ్యయనోత్సవాల చివరిరోజు ఆళ్వార్ విగ్రహాన్ని స్వామి పాదాల దగ్గర ఉంచి తులసితో కప్పుతారు. ఆళ్వార్ మోక్షం పొందినట్టు చూపే ఆ వేడుకే పరమపదోత్సవం. భద్రాచలంలో ముక్కోటి సమయంలో నమ్మాళ్వార్ పరమపదోత్సవం జరుగుతుంది, వీలైతే ఒకసారి చూడండి. ఆళ్వార్ రాసిన తిరువాయ్‌మొళి అనే కావ్యంలో 1102 పాశురాలు, అంటే పద్యాలు, ఉన్నాయి. మొదటి పాశురమే దుఃఖం తీర్చే పాదాలకు మొక్కి లెమ్మని తన మనసుకు చెప్పుకోవడంతో ముగుస్తుంది. రామానుజులకు ముందరి వైష్ణవాచార్యులు యామునాచార్యుల స్తోత్రరత్నంలో నమ్మాళ్వార్ పాదాలకు మొక్కే శ్లోకం చివరిమాట "మూర్ధ్నా", తలతో మొక్కుతున్నాను అని. పాదాలూ తలా కలిసే చోటు అది. మనం రోజూ గుడిలో చేసేదీ అదే.

ఇంకొకటి కూడా నాకు ముఖ్యం. నమ్మాళ్వార్ బ్రాహ్మణేతరమైన వేళాళ కులంలో పుట్టారని సంప్రదాయమే చెబుతుంది. అలాంటి కవిని ప్రపన్నులందరికీ, అంటే స్వామిని శరణు కోరినవాళ్లందరికీ, మూలపురుషుడని నిలిపి, ఆయన పేరిటి పాదాలను అందరి తలమీదా ఒకేలా ఆనిస్తారు. రామానుజుల సన్నిధిలో అదే వస్తువును ముదలియాండాన్ అంటారు, ఆయన శిష్యుడి పేరుతో. ఒక్కో సన్నిధిలో ఎవరి పాదాలకు ఎవరు పాదుకలయ్యారో ఆ పేరే చెబుతుంది.

మా నాయనమ్మ మాత్రం వేరేగా చెప్పేది. "శఠగోపం పెట్టేటప్పుడు కోరిక మనసులో అనుకో, పైకి అనకు, గోప్యంగా ఉంచు" అని నా మెడ మెల్లగా వంచేది. మాట పుట్టుక అది కాకపోయినా, గోపం అన్న మాట విని మనవాళ్లు అల్లుకున్న అర్థం అది. నేను ఇప్పటికీ అలాగే కళ్లు మూసుకుంటాను. ఒంట్లో కరెంటు ఆ లోహంలోకి పోతుందని వాట్సాప్‌లో తిరిగే మాటలను మాత్రం వదిలేద్దాం. తల వంచడానికి ఆ సాకు అక్కర్లేదు.

చేర్పు: మరి "వాడు నాకు శఠగోపం పెట్టాడు" ఎలా వచ్చిందని ఇద్దరు అడిగారు. రెండు దారులు కలిశాయని నాకనిపిస్తోంది. టోపీ పెట్టడం, కుచ్చుటోపీ పెట్టడం అంటే మోసమే. ఇదీ టోపీలాగే నెత్తిన కూర్చునే వస్తువు. పైగా శఠ అన్న మాటలోనే వంచన వినబడుతుంది. కానీ ఇది ఒంటరి మాట కాదు, గమనించండి. నామం పెట్టాడు, పంగనామాలు పెట్టాడు, సొమ్మంతా కైంకర్యం చేశాడు, డబ్బు గోవిందా. అన్నీ వైష్ణవాలయం మాటలే, అన్నీ పోయిన సొమ్ము గురించే. వాడకండని అనను, అవి మన నానుడులు, బతికిన మాటలు. కైంకర్యం అంటే సేవ అని తెలియని పిల్లలు ఇప్పుడున్నారు, వాళ్లకు మోసం అర్థమే ముందు తెలుస్తోంది. అదే నాకు దిగులు.

ఇంకో ప్రశ్న: శివాలయంలో శఠకోపం ఎందుకుంది? పేరును బట్టి అది విష్ణ్వాలయానిదే. మా వైపు శివాలయాల్లో కూడా పెడతారు, జనం తల వంచి నిలబడతారు, పేరు కూడా అదే పిలుస్తారు. అలవాటు ఒక గుడి నుంచి ఇంకో గుడికి నడిచింది.

మాట్లాడేటప్పుడు నేనూ శఠగోపమనే అంటాను, నాలుకకు అదే అలవాటు. అచ్చులో మాత్రం శఠకోపమో శఠారో వేద్దాం. నెల్లూరు, చిత్తూరు వైపు సభ్యులు చెప్పండి, మీ గుళ్లలో అర్చకులు ఏ మాట వాడతారు? పెద్దవాళ్లెవరైనా 'శడగోపం' అనడం విన్నారా?