ఆకాశవాణిలో రేపేం వస్తుందో ముందే తెలుసుకోడం ఎలాగండీ?

లంక కుర్రోడు:
అందరికీ నమస్కారమండి. మాది అంబాజీపేట దగ్గర. మా తాతయ్యకి ఎనభై రెండేళ్ళు, చూపు బాగా తగ్గిపోయింది, టీవీ పెడితే ఆ గోలేంటిరా అంటాడు, పొద్దున్న లేచింది మొదలు రేడియోనే. సెట్టు మీద ముల్లు విజయవాడ కేంద్రం 837 దగ్గర పెట్టేసి ఎవరూ తిప్పకుండా బిరడా మీద తెల్ల ప్లాస్టర్ ముక్క అంటించేసాడు. ఇప్పుడు గొడవేంటంటే, వాట్సాప్‌లో ఎవరో పంపిన ప్రోగ్రాముల లిస్టు చూసి ఆదివారం నాటకం ఉంది తాతయ్యా అని నేనే చెప్పా. పెద్దాయన ఆ రోజు కొబ్బరికాయలు దింపే వాళ్ళని కూడా రేపు రండ్రా అని పంపేసి, అన్నం తొందరగా తినేసి, సెట్టు ముందు కూచున్నాడు. నాటకం లేదు గీటకం లేదు. తర్వాత చూస్తే ఆ లిస్టు కిందటేడుదండి బాబూ. రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. నమ్మదగ్గ లిస్టు ముందుగా ఎక్కడ దొరుకుద్దో, రాబోయే రోజుల్లో ఆయన వినదగ్గ పెద్ద ప్రోగ్రాములు ఏమున్నాయో ఎవరైనా చెప్పండి ప్లీజ్.

దాళవా రైతు:
న్యూస్ ఆన్ ఎయిర్ యాప్ వేసుకోండి బ్రో, చాలా కేంద్రాలు వస్తాయి. కాకపోతే అందులో ఇప్పుడు నడుస్తున్నది వినడమే, రేపటి సంగతి దాన్ని అడిగి లాభం లేదు. ప్రసార భారతి వాళ్ళదే వేవ్స్ అని 2024 నవంబర్లో ఇంకో యాప్ వచ్చింది, దూరదర్శన్ పాతవి చూసుకోడానికి అది బావుంటది. నేనైతే పొలం వెళ్ళే ముందు రైతుల కార్యక్రమం తప్ప పెద్దగా వినను.

రిటైర్డ్ మాస్టారు:
బాబూ, ఫార్వర్డు నమ్మి పెద్దాయన్ని కూచోబెట్టావు చూడు, అదీ నువ్వు చేసిన తప్పు. మా రోజుల్లో 'వాణి' అని ఆకాశవాణి వాళ్ళ పత్రికే వచ్చేది, ఏ రోజు ఏ టైముకి ఎవరి కచేరీయో అంతా అందులో అచ్చేసేవారు, మా నాన్నగారు కావాల్సిన వాటికింద ఎర్ర పెన్సిల్‌తో గీతలు పెట్టుకునేవారు. ఇప్పుడది లేదు కాబట్టి ఉన్నవాటిల్లో ఖాయమైన దారి రేడియోనే. పొద్దున్నే సిగ్నేచర్ ట్యూన్, వందేమాతరం అయ్యాక అనౌన్సరు చెప్పే మాటలు శ్రద్ధగా విను, ముఖ్యమైనవి అక్కడే చెప్పేస్తారు. ఆ టైములో నువ్వు లేవవని నాకు తెలుసులే.

ఇక పెద్దవాటికి లిస్టు అక్కర్లేదు, తిథులు తెలిస్తే చాలు. పుష్య బహుళ పంచమి నాడు తిరువయ్యారు నుంచి త్యాగరాజ ఆరాధన, పంచరత్నాలు పొద్దున్నే లైవ్. జనవరి 25 రాత్రి సర్వభాషా కవి సమ్మేళనం, ఇది 1956 నుంచీ నడుస్తోంది, వేరే భాషల కవితల్ని మనవాళ్ళు తెలుగు చేసి వినిపిస్తారు. తర్వాత ఉగాదికి పంచాంగ శ్రవణం, కవి సమ్మేళనం. శ్రీరామనవమికి భద్రాచలం కల్యాణం, దీనికి మాత్రం ఊరంతా ఆగిపోయేదయ్యా. ఉషశ్రీ గారి వ్యాఖ్యానం వింటే కల్యాణ మండపం కళ్ళముందు కట్టినట్టుండేది, ఆయన మన కాకరపర్రు అగ్రహారం వారే. పొద్దున్నే వినే భక్తిరంజని మొదలెట్టిన బాలాంత్రపు రజనీకాంతరావు గారు నిడదవోలులో పుట్టారు. విజయవాడ కేంద్రం అంటాం గానీ సగం గొంతు మన గోదారిదే అని నా అభిప్రాయం, కృష్ణా జిల్లా వాళ్ళు కోప్పడినా సరే.

ఉండి మెకానిక్:
మాస్టారు చెప్పింది కరెక్టే గానీ ముందు సెట్టు సరిగ్గా పలుకుతుందో లేదో చూడండి. విజయవాడ ఎఫ్ఎం మనదాకా రాదు, అది దాదాపు కంటికి కనపడేంత దూరం పోయే తరంగం, మీ తాతగారి 837 మీడియం వేవ్, అది నేలను పట్టుకుని వస్తుంది కాబట్టే కోనసీమలో కూడా దొరుకుద్ది. కానీ ఈమధ్య దాన్ని చంపేస్తున్నవి మన ఇళ్ళలో చవక ఎల్ఈడీ బల్బులు, ఫోన్ చార్జర్లు, ఇన్వర్టర్లు. మా వైపు చెరువుల దగ్గరైతే మోటార్ల పెట్టెలు కూడా. గుర్రుమని శబ్దం వస్తుంటే ఒక్కో స్విచ్చి ఆపుకుంటూ రండి, దొంగ దొరికిపోతాడు. ఇంకోటి, సెట్టు లోపల నల్ల కడ్డీ ఉంటది, అదే యాంటెన్నా, పక్కనించి వచ్చేది బాగా పట్టుద్ది, చివర్లవైపు నించి వచ్చేది పట్టదు. సెట్టుని మెల్లగా తిప్పి చూడండి, ఒకచోట గొంతు విచ్చుకుంటది.

గౌతమి గట్టు:
ఇంట్లో వినడమేనా, ఆహ్వానిత శ్రోతల ముందు రికార్డు చేసేవాటికి తీసుకెళ్ళండి, అవి విజయవాడలోనే కాదు బయట ఊళ్ళల్లో కూడా పెడుతుంటారు. రాజమండ్రిలో నేనోసారి వెళ్ళా, కచేరీ మొదలయ్యే ముందు ఫ్యాన్లు ఆపించేశారు, మైకులోకి గాలి శబ్దం వస్తదని. మే నెల, జనం చెమటలు కక్కుతూ విసనకర్రలు కూడా ఊపకుండా కూచున్నారు, నా పక్కన మామ్మగారు దగ్గొస్తుంటే కొంగు నోట్లో కుక్కుకున్నారు పాపం. మళ్ళీ ప్రసారమైనప్పుడు చివర్లో చప్పట్లు వినపడితే అందులో నావీ ఉన్నాయని ఇంట్లో అందరికీ చెప్పుకున్నా. అయితే ఆ రోజే లైవ్ రాదండి, ఎప్పుడొస్తుందో రికార్డింగు దగ్గరే అడిగి రాసుకోవాలి.

లంక కుర్రోడు:
అందరికీ థాంక్సండి, ఆయ్. ఉండి అన్న చెప్పినట్టు ఒక్కో స్విచ్చీ ఆపుకుంటూ వస్తే గుర్రుమనేది నా ఫోన్ చార్జరేనండి, ఇన్నాళ్ళూ తాతయ్య సెట్టు పాతబడిపోయిందిరా అని దాన్ని కొడుతున్నాడు. చార్జరు వేరే గదిలోకి మార్చా, సెట్టు కొంచెం కిటికీ వైపు తిప్పా, సంస్కృతం వార్తలు కూడా గంటలా వినపడ్డాయి. మాస్టారి తిథులన్నీ గోడ క్యాలెండర్లో పెద్దక్షరాలతో రాశాను గానీ ఆయన చదవలేడు కదా, అందుకని రోజూ పొద్దున్న నేను లేచి అనౌన్సరు చెప్పేది విని ఆయనకి చెప్పాలంట, కొత్త రూలు. అంతసేపూ పక్కనే కూచుని ఆయన కూడా అదే వింటాడు, అయినా నేను చెప్పాల్సిందే.