రాత్రి సాధనకు ఎలక్ట్రిక్ వయొలిన్: బ్లూటూత్ హెడ్‌ఫోన్ పనికొస్తుందా?

కమాను: అపార్ట్‌మెంట్‌లో ఉంటాం, రాత్రి 10 దాటాక గాని నాకు తీరిక దొరకదు. అందుకే ఎలక్ట్రిక్ వయొలిన్ కొన్నాను. నేల మీద కూర్చుని, వయొలిన్ తలను కుడి పాదం మీద ఆనించి వాయిస్తుంటే హెడ్‌ఫోన్ వైరు ఒళ్లోకి జారి కమానుకు అడ్డుపడుతోంది. బ్లూటూత్‌ది తీసుకోనా?

తంత్రి: వద్దండీ. మామూలు బ్లూటూత్‌లో శబ్దం 150 నుంచి 250 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. గాలిలో శబ్దవేగం సెకనుకు 343 మీటర్లు. అంటే మీ వయొలిన్ కనీసం 50 మీటర్ల దూరంలో మోగుతున్నట్టు లెక్క. మూడో కాలంలో, అంటే నాలుగింతల వేగంతో, సరళీ వరుసలు వాయించి చూడండి, చేయి ఒక స్వరం మీద ఉంటే చెవికి దాని ముందు స్వరం వినిపిస్తుంది. వైరును వీపు వెనక నుంచి తెచ్చి కాలరుకు క్లిప్పు పెట్టుకుంటే అడ్డం రాదు.

శ్రుతిలయ: వైరు విషయంలో తంత్రి గారితో ఏకీభవిస్తాను. కానీ కప్పుల వెనక తెరిచి ఉండి బయటి శబ్దం వినిపించే ఓపెన్ బ్యాక్ హెడ్‌ఫోనే కొనండి. ఎలక్ట్రిక్ వయొలిన్ పూర్తిగా మూగది కాదు, తీగ మీద కమాను రాపిడి సన్నగా వినిపిస్తూనే ఉంటుంది. ఒత్తిడి ఎక్కువైందో తక్కువైందో చెప్పేది ఆ రాపిడే. చెవులు మూసేస్తే అది పోతుంది.

తంత్రి: సీలింగ్ ఫ్యాను తిరిగే గదిలోనా? ఫ్యాను హోరు ఓపెన్ బ్యాక్‌లోంచి నేరుగా చెవిలోకి వస్తుంది, దాన్ని దాటడానికి వాల్యూమ్ పెంచుతారు. 85 డెసిబెల్స్ దగ్గర 8 గంటలు వినవచ్చనుకుంటే, ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. సంగీతం నేర్చుకునేవారికి చెవికన్నా విలువైనది ఏముంది? క్లోజ్డ్ బ్యాకే మేలు.

కమాను: మరి తంబుర? ఫోనులో యాప్ ఉంది.

తంత్రి: వయొలిన్‌కు ఆక్స్ ఇన్ (బయటి శబ్దాన్ని తీసుకునే సాకెట్) ఉంటే ఫోను నుంచి దానికే వైరు కలపండి. లేకపోతే రెండు శబ్దాలనూ కలిపే చిన్న ఆడియో మిక్సర్ కావాలి. ఫోను నుంచి మిక్సర్‌కు తంబురను బ్లూటూత్‌లో పంపినా నష్టం లేదు. తంబురకు తాళం లేదు కాబట్టి ఆలస్యమైనా తేడా తెలియదు.

శ్రుతిలయ: క్లోజ్డ్ బ్యాక్ మాట నేను ఇప్పటికీ ఒప్పుకోను. ఫ్యాను వేగం తగ్గించుకోవచ్చు, కానీ కమాను చేసే శబ్దం వినకుండా పెరిగిన చేతిని తర్వాత దిద్దడం చాలా కష్టం. కమాను గారూ, ఏది కొన్నా రివర్బ్ మాత్రం ఆపేయండి. గాంధారం కాస్త దిగినా ఆ ప్రతిధ్వని కప్పేస్తుంది.