అప్‌డేట్: ఆన్‌లైన్ ఎంబీఏ గుర్తింపుపై నా సందేహం తీరింది

ఉద్యోగం చేస్తూ ఒక ప్రాంతీయ విశ్వవిద్యాలయంలో ఆన్‌లైన్ ఎంబీఏ చేస్తే ఆ పట్టా పదోన్నతికి పనికివస్తుందా, లేక సాయంకాలపు పార్ట్‌టైమ్ కోర్సే మేలా అని ఇదివరకు అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

ప్రకటనలను నమ్మక, యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) దూరవిద్యా బ్యూరో (డీఈబీ) జాబితాను స్వయంగా చూడమన్న సలహాయే నన్ను కాపాడింది. గుర్తింపు విశ్వవిద్యాలయానికి మొత్తంగా కాక, ఒక్కొక్క కోర్సుకూ, ఒక్కొక్క ప్రవేశ సెషన్‌కూ విడివిడిగా ఉంటుందని అక్కడే తెలిసింది. అన్నింటికీ అనుమతి ఉందని ప్రవేశాలు చేయించే మధ్యవర్తి గట్టిగా చెప్పినప్పటికీ, నేను ఫీజు కట్టబోయిన సెషన్‌కు ఆన్‌లైన్ బీబీఏ జాబితాలో ఉంది గాని ఎంబీఏ లేదు. అందువల్ల ఒక సెషన్ ఆగి, ఎంబీఏ పేరు జాబితాలో కనిపించాకే డీఈబీ ఐడీ (ఆ బ్యూరో విద్యార్థికి ఇచ్చే గుర్తింపు సంఖ్య) తీసుకుని చేరాను.

యూజీసీ 2020 నిబంధనావళిలోని 22వ నిబంధన గుర్తింపు పొందిన ఆన్‌లైన్ పట్టాను రెగ్యులర్ పట్టాతో సమానంగా పరిగణిస్తుంది. దాని ప్రతిని జతచేసి అడిగితే, పదోన్నతికి అభ్యంతరం లేదని మా కార్యాలయం రాతపూర్వకంగా తెలిపింది. ఈ ఉత్తరాన్ని ఫీజు కట్టకముందే తీసుకోవాలని నా గట్టి అభిప్రాయం.

విశ్వవిద్యాలయం వేరే రాష్ట్రంలో ఉందన్న భయం మాత్రం అనవసరమని తేలింది. నిర్ణీత ప్రాంతం లోపలే కోర్సు నడపాలన్న ప్రాదేశిక పరిధి నియమం దూరవిద్యకే గాని ఆన్‌లైన్ కోర్సులకు వర్తించదు.