‘గాలి దువ్వెన’ ఒక్క చిలిదాదేనా?

సాగరిక:
స్పెయిన్ ఉత్తర తీరంలోని సాన్ సెబాస్టియన్‌లో, ఒందర్రెత్తా బీచి చివర ఇగెల్దో కొండ పాదాన, సముద్రపు రాళ్లలో నాటిన మూడు ఉక్కు శిల్పాలు ఉన్నాయి. ఒక్కొక్కటి సుమారు 10 టన్నులు. వాటి పేరు ‘గాలి దువ్వెన’. 1977లో పూర్తయిన ఈ పనిని అందరూ ఎదువార్దో చిలిదా (1924–2002) శిల్పమనే అంటారు. కానీ ఎదురుగా ఉన్న గులాబీ గ్రానైట్ వేదిక వాస్తుశిల్పి లూయిస్ పెన్యా గాంచెగిది. ఆ నేలలో ఏడు రంధ్రాలున్నాయి. పోటు సమయంలో అల వేదిక కిందికి దూరి, గాలినీ తుంపరనూ వాటి గుండా బుస్సుమని పైకి చిమ్ముతుంది. గాలి చెవికి వినిపించేది, ముఖానికి తగిలేది అక్కడే. అలాంటప్పుడు ఆయన పేరు వదిలేయడం అన్యాయం.

కమ్మరి మనవడు:
సాగరిక గారూ, వేదిక గొప్పదే, కాదనను. అయితే చిలిదా ఇదే పేరుతో తొలి శిల్పాన్ని 1950ల ఆరంభంలోనే చేశారు. సాన్ సెబాస్టియన్ ఆయన సొంత ఊరు. యువకుడిగా అక్కడి రియల్ సొసియెదాద్ ఫుట్‌బాల్ జట్టుకు గోల్‌కీపర్. మోకాలి గాయంతో ఆట పోయింది, వాస్తుశిల్పం చదువు మధ్యలో మానేశారు, పారిస్ వెళ్లారు. 1951లో తిరిగివచ్చి, దగ్గర్లోని ఎర్నాని పట్టణంలో మాన్యువల్ ఇల్యర్రమెండి అనే కమ్మరి దగ్గర ఇనుము పట్టారు. ఏడేళ్లకే వెనిస్ బియెన్నాలె అనే అంతర్జాతీయ కళా ప్రదర్శనలో శిల్పకళకు పెద్ద బహుమతి.

మా తాత కొలిమి దగ్గర చిన్నప్పుడు గంటలకొద్దీ కూర్చునేవాడిని. ఆయన చిన్న సుత్తితో కడ్డీ మీద ఒక చోట తట్టేవారు. మా మామయ్య సమ్మెట సరిగ్గా అక్కడే పడేది. బలమంతా సమ్మెటదే, కానీ నాగలి కర్రు ఎలా వంగాలో తెలిసింది తాతకే. చిలిదాది ఆ చిన్న సుత్తి.

ఉలి:
మీ తాతగారి ఉదాహరణ సాగరిక గారి వైపే మొగ్గుతోంది. సమ్మెట కొట్టిన మీ మామయ్య పేరు కూడా ఊళ్లో అందరికీ తెలిసే ఉంటుంది కదా! పెద్ద పనుల కోసం చిలిదా లెగాస్పి పట్టణంలోని ఉక్కు కార్ఖానాకు వెళ్లేవారు. అక్కడ ఎర్రగా కాగిన దిమ్మను, చల్లబడేలోపు, ఆయన చెప్పిన మేరకు వంచింది కార్మికులు. వారి గురించి ఎవరూ ఒక్క వాక్యమైనా రాయరే?

సాగరిక:
ఉలి గారి మాటకు నా మద్దతు. ఆ మూడింటినీ పెకలించి మ్యూజియం హాలులో పెట్టారనుకోండి. ఉప్పుగాలి ఉండదు, తుప్పు రంగు రాళ్ల రంగులో కలవదు. రెండు శిల్పాలు ఒకదానికొకటి చేతులు చాచినట్టుండి, మూడోది దూరంగా సముద్రంలో నిలబడటం కూడా పోతుంది. మిగిలేది ఉక్కే, ‘గాలి దువ్వెన’ కాదు. చోటు కూడా శిల్పంలో భాగమైనప్పుడు ఆ చోటును తీర్చినవాడికి కర్తృత్వంలో వాటా లేదా?

కమ్మరి మనవడు:
కార్మికుల విషయంలో ఉలి గారు నన్ను ఒప్పించారు. మా మామయ్యను తలచుకుంటే కాదనలేను. గాంచెగి పేరు కూడా ప్రతిచోటా రాయాల్సిందే. కానీ వేదికకు కర్త వేరు, శిల్పానికి కర్త వేరు. ఆ ఉక్కు వంపు ఇద్దరిదంటే మాత్రం ఒప్పుకోను.