భర్త దారి తప్పితే ‘నువ్వేం లోటు చేశావు’ అని భార్యను అడగడం న్యాయమేనా?

పద్మజ, నల్లకుంట

మా చెల్లెలి భర్తకు ఆఫీసులో ఒకామెతో ఏడాదికి పైగా సంబంధం ఉందని ఈమధ్య బయటపడింది. అతనికి గచ్చిబౌలిలో ఉద్యోగం, కొండాపూర్‌లో సొంత ఫ్లాటు, బడికి వెళ్లే పాప. బయటివాళ్లు వంక పెట్టడానికి లేని కాపురం. విషయం తెలియగానే చెల్లెలు పాపను తీసుకుని పుట్టింటికి వచ్చేసింది.

ఇరువైపుల పెద్దలూ మా ఇంట్లో కూర్చున్నారు. కాఫీలు అయ్యాక అతని పెద్దనాన్న గొంతు సవరించుకుని అడిగిన మొదటి మాట ఇది: ‘‘అమ్మాయ్, వాడి మనసు బయటికి ఎందుకు పోయింది? నువ్వేం లోటు చేశావో ఆలోచించుకున్నావా?’’ అతను పక్కనే సోఫాలో తల దించుకుని కూర్చున్నాడు. అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు. తర్వాత మా అమ్మ వంటింట్లో చెల్లెలితో మెల్లగా, ‘‘పాప పుట్టాక అతన్ని సరిగ్గా పట్టించుకోలేదేమోనే’’ అంది. పెద్దాయన మాటకన్నా ఈ మాటే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

కాపురంలో లోటుపాట్లు ఇద్దరివీ కావచ్చు. ఏడాది పాటు అబద్ధం ఆడాలన్న నిర్ణయం మాత్రం ఒక్కరిదే. అదే ఫ్లాటు, అదే బ్యాంకు వాయిదా, అదే నిద్రలేమి మా చెల్లెలికీ ఉన్నాయి. ఆమె దారి తప్పలేదు కదా! కారణాలు తెలుసుకోవద్దని నేను అనను. రాత్రి పక్క మీద పడుకుని అదీ ‘‘ఎందుకు చేశాడక్కా?’’ అనే అడుగుతోంది. ఆ ప్రశ్నకు జవాబు ఎవరి దగ్గర వెతకాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

మాస్టారు, రామంతాపూర్

పద్మజ గారూ, మీ చెల్లెలికి జరిగింది అన్యాయం. అందులో రెండో మాట లేదు. అయినా మీ వాదనతో పూర్తిగా ఏకీభవించలేను. ఒక చేత్తో చప్పట్లు మోగవు.

ఈ నగరంలో కాపురాలు ఎలా సాగుతున్నాయో చూడండి. మా అపార్టుమెంటులో ఒకతను అమెరికా వేళల్లో పనిచేసి తెల్లవారుజామున క్యాబు దిగుతాడు. అప్పటికి భార్య పిల్లల టిఫిను డబ్బాలు సర్దుతూ ఉంటుంది. వాళ్లు మాట్లాడుకునేదంతా బడి ఫీజుల గురించి, పనిమనిషి రాకపోవడం గురించి. అలాంటి మనిషిని ఆఫీసులో ఎవరైనా ‘తిన్నారా’ అని ప్రేమగా అడిగితే మనసు అటు మళ్లదా? తప్పు తప్పే. కానీ మనిషిని బోనులో నిలబెట్టి కాపురం సంగతి వదిలేస్తే, రేపు మళ్లీ కలిసి బతకాల్సి వచ్చినప్పుడు దేన్ని సరిచేసుకుంటారు?

ఇంకో మాట. 2018లో సుప్రీంకోర్టు ఇది నేరం కాదని తేల్చాక జనానికి భయం పోయింది. ఇలాంటివి పెరగడానికి అదీ ఒక కారణమని నా నమ్మకం.

న్యాయవాది, పురానీ హవేలీ ఫ్యామిలీ కోర్టు

మాస్టారు గారూ, మీ చివరి మాట ఒక్కదానికి జవాబు చెబుతాను. 2018 సెప్టెంబరు 27న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం కొట్టేసిన భారత శిక్షాస్మృతిలోని 497వ సెక్షన్ ఎవరిని భయపెట్టిందో చూడండి. పెళ్లయిన స్త్రీతో సంబంధం పెట్టుకున్న పరాయి మగవాడికి అయిదేళ్ల దాకా జైలు. ఆ స్త్రీకి శిక్ష లేదు. భర్త అంగీకారం ఉంటే అసలు నేరమే కాదు. భర్త మోసం చేశాడని భార్య ఫిర్యాదు చేసే వీలే ఆ సెక్షన్‌లో లేదు. భర్త సొత్తును మరొకడు ముట్టుకున్నాడన్న లెక్కలో రాసిన చట్టం అది. పద్మజ గారి చెల్లెలికి ఆ చట్టం ఉన్న రోజుల్లోనూ ఒరిగేదేమీ లేదు.

విడాకులకు మాత్రం ఇది ఇప్పటికీ కారణమే. 1955 హిందూ వివాహ చట్టానికి 1976లో చేసిన సవరణ తర్వాత, పెళ్లయ్యాక ఒక్కసారి పరాయి వ్యక్తితో ఇష్టపూర్వకంగా శారీరక సంబంధం పెట్టుకున్నట్టు రుజువైనా చాలు. అంతకుముందు ‘అలా జీవిస్తున్నట్టు’ చూపించాల్సి వచ్చేది. భార్యాభర్తల ఫోను సంభాషణను ఒకరు రహస్యంగా రికార్డు చేసినా విడాకుల కేసులో సాక్ష్యంగా తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2025 జూలైలో చెప్పింది. భర్త మరో స్త్రీని ఉంచుకుంటే భార్య వేరుగా ఉండి భరణం అడగవచ్చు. మా అమ్మాయి ఇల్లు వదిలి వచ్చేసింది కాబట్టి హక్కులు పోయాయేమో అని చాలామంది తల్లిదండ్రులు భయపడతారు. ఆ భయం అక్కర్లేదు.

సరళ, కుటుంబ సలహాదారు

మాస్టారు గారు చెప్పిన నమ్మకంతోనే చాలామంది నా దగ్గరకు వస్తారు: సంతోషం లేని కాపురంలోనే మోసం పుడుతుందని. ఈ విషయాన్ని ఏళ్ల తరబడి పరిశీలించిన అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త షిర్లీ గ్లాస్‌కు ఎదురైన జవాబులు వేరు. వివాహేతర సంబంధం పెట్టుకున్న మగవాళ్లలో 56 శాతం, ఆడవాళ్లలో 34 శాతం తమ దాంపత్యం సంతోషంగానే ఉందన్నారు. అవి అక్కడి లెక్కలే. కానీ ‘‘మా ఆవిడ చాలా మంచిదండీ, ఆమెతో ఏ ఇబ్బందీ లేదు’’ అని నా ఎదుట కూర్చుని ఏడ్చిన మగవాళ్లు ఇక్కడా ఉన్నారు.

ఇది ఎలా మొదలవుతుందో చెబుతాను. మొదట పని మాటలు. తర్వాత ఇంటి సంగతులు. ఒక రోజు భార్య మీద చిన్న ఫిర్యాదు: ‘నా మాట వినే ఓపిక ఆమెకు ఎక్కడిది’ అని. అవతలి మనిషి జాలిపడుతుంది. ఆ సాయంత్రం ఇంటికి వచ్చాక ఆ సంభాషణ గురించి ఇంట్లో చెప్పకుండా దాస్తాడు. గీత దాటింది అక్కడే. ఆ తర్వాత భోజనాల బల్ల మీద ఫోను బోర్లా పడుకుంటుంది. స్నానానికి వెళ్లినా ఫోను వెంట వెళుతుంది. శారీరక సంబంధం చాలాసార్లు ఎంతో ఆలస్యంగా వస్తుంది, ఒక్కోసారి రాదు కూడా. అప్పుడు ‘మేమేం తప్పు చేయలేదు’ అంటారు. భార్యకు తగిలిన గాయం మాత్రం అంతే లోతుగా ఉంటుంది.

ఇక కారణాలంటారా, అవి మనిషికొకటి. తండ్రి పోయాక, నలభై దాటాక, ‘నా బతుకు ఇంతేనా’ అన్న దిగులుతో తనను కొత్తగా చూసే కళ్ల కోసం వెతికినవాళ్లున్నారు. పడకగదిలోని అసంతృప్తిని పదేళ్లయినా నోరు విప్పి చెప్పలేనివాళ్లున్నారు. మన ఇళ్లలో ఆ మాట ఎలా ఎత్తాలో ఎవరూ నేర్పరు. భర్త మోసానికి ప్రతీకారంగా తానూ చేసిన భార్యలున్నారు. అన్నిటికన్నా ఎక్కువగా నాకు కనిపించేది, ఎక్కువమంది ఒప్పుకోనిది ఇంకొకటి ఉంది: ‘ఇంత కష్టపడి సంపాదిస్తున్నాను, నాకీపాటి హక్కు లేదా’ అన్న ధీమా. తన తండ్రి అలాగే బతికితే, అమ్మ నోరు మూసుకుని వడ్డించడం చూసి పెరిగిన కొడుక్కి ఆ ధీమా సులువుగా అబ్బుతుంది.

అందుకే నా దగ్గర ఒక వరస ఉంటుంది. ముందు ఆ సంబంధం, దాని చుట్టూ అబద్ధాలు ఆగాలి. తర్వాత చేసిన మనిషి ఎందుకు చేశాడో తన నోటితో చెప్పాలి. దాంపత్యంలోని వెలితి గురించి ఆ తర్వాతే మాట్లాడనిస్తాను. పద్మజ గారి ఇంట్లో పెద్దలు ఈ వరసను తలకిందులు చేశారు.

శ్రీను, మియాపూర్

అందరూ మగవాడి గురించే రాస్తున్నారు. మా ఇంట్లో దారి తప్పింది నా భార్య. నన్నూ అడిగారు ‘నువ్వేం లోటు చేశావు’ అని. అయితే అడిగిన తీరు వేరు. ‘పెళ్లాన్ని అదుపులో పెట్టుకోలేనివాడు’ అని మా బాబాయే అన్నాడు. మగవాడిని ఈ మాటలతో రెచ్చగొట్టడం ఎంత ప్రమాదమో రోజూ పేపరు చదివేవాళ్లకు చెప్పక్కర్లేదు.

సరళ గారూ, మీ కారణాల్లో నాది లేదు. ఆమె కాలేజీలో ఒకతన్ని ప్రేమించింది. కులం వేరు. ఇంట్లో తెలిసిన కొద్ది నెలలకే నాతో పెళ్లి చేశారు. పెళ్లిచూపుల్లో మమ్మల్ని బాల్కనీలో మాట్లాడుకోమన్నప్పుడు ఆమె పూలకుండీ అంచున ఎండిన మట్టిని గోటితో గీకుతూ నిలబడింది. సిగ్గనుకున్నాను. నిజం తెలిశాక వాళ్ల నాన్న వచ్చి నా చేతులు పట్టుకుని ‘ఎలాగైనా సర్దుకో బాబూ’ అన్నాడు. ఆయనకు మొదటినుంచీ అంతా తెలుసు. నా బతుకులోకి అబద్ధాన్ని మొదట తెచ్చింది ఆయనే.

ఇద్దరి అంగీకారంతో విడిపోయాం. ఆమె ఎందుకలా చేసిందో ఇప్పుడు నాకు అర్థమైంది. అర్థమైనంత మాత్రాన క్షమించలేదు. అతన్ని మరవలేకపోవడం ఆమె చేతిలో లేకపోవచ్చు. నా పక్కనే ఉంటూ అంత కాలం దాచడం మాత్రం ఆమె చేతిలోనే ఉంది. తీర్పు చెప్పడానికి సోఫాల్లో కూర్చునే పెద్దల్ని కూడా ఒకసారి అడగండి, ఈ పెళ్లి ఎవరి ఇష్టంతో చేశారని.

ఉమ, సైదాబాద్

కారణం తెలిస్తే ఊరట దొరుకుతుందని మాత్రం ఆశ పెట్టుకోవద్దు. నేను మా ఆయన్ని ఏళ్ల తరబడి అడిగాను. అడిగిన ప్రతిసారీ ఒక కొత్త కారణం చెప్పాడు. అన్నీ నిజమే కావచ్చు. పిల్లల కోసం ఉండిపోయాను, ఇప్పుడు ఒకరినొకరు గౌరవించుకుంటున్నాం కూడా. అది కారణం తెలియడం వల్ల రాలేదు. ఆయన తన ఫోను, తన రాకపోకలు నేను అడగకుండానే చెప్పడం మొదలుపెట్టాక వచ్చింది. పద్మజా, మీ చెల్లెలిని ‘ఎందుకు’ దగ్గర ఆగిపోనివ్వకమ్మా.

మాస్టారు, రామంతాపూర్

న్యాయవాది గారు చెప్పిన 497 వివరాలు నాకు కొత్త. చట్టం మాట వెనక్కి తీసుకుంటాను. కాపురం సంగతి మాత్రం తీసుకోను. సరళ గారు దాన్ని చివర పెట్టారు, తీసేయలేదు. నేను అడిగేదీ అదే. శ్రీను రాసింది చదివాక ఇంకొకటి తోచింది. మా తరంలో మగవాడు ఇలా చేస్తే ‘మగాడు కదా’ అని దాటేసేవాళ్లం. అతన్ని ఏనాడూ ఎదురుగా కూర్చోబెట్టి కారణం అడిగి ఎరుగం. అడిగితే ఏం చెప్పేవారో!

పద్మజ, నల్లకుంట

అందరికీ కృతజ్ఞతలు. ఇది చెల్లెలికి చదివి వినిపించాను. ఉమక్కా, నీ మాట దగ్గర మళ్లీ చదవమంది.

ఆదివారం పెద్దలు మళ్లీ వస్తున్నారు. ఈసారి మొదటి ప్రశ్న అతనికే వేయాలని నాన్నకు చెప్పాను. అతను జవాబు చెప్పేదాకా చెల్లెలు గదిలోంచి బయటికి రాదు. కాపురంలో వెలితి గురించి తర్వాత మాట్లాడుకుందాం మాస్టారూ, దానికీ ఒప్పుకుంది. కానీ పెద్దల ముందు కాదట. సరళ గారి లాంటివాళ్ల దగ్గర, అతను కూడా వస్తేనే అంది. అమ్మ మాత్రం ఇంకా నాతో సరిగ్గా మాట్లాడటం లేదు.